టోపీ అతనిది, గరిట ఆవిడది

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటయ్యేసరికి మనవాళ్ళంతా ఇటాలియన్ హోటళ్ళలో ఉంటారు. పొట్ట చేతపట్టుకుని పరాయి దేశం వచ్చిన లారీ డ్రైవర్లు, నర్సులు, గుమాస్తాలు, క్రేన్లు నడిపేవాళ్ళు, వాళ్ళ పెళ్ళాం పిల్లలూను. ఆ ఊళ్ళో మనవాళ్ళ నాలుకకి కాస్త కారం, కాస్త పులుపు దొరికేది అక్కడే. తినడం అరగంట. తిన్నదాని మీద అభిప్రాయాలు చెప్పుకోవడం గంటన్నర.

ఆ వేళ టైలరమ్మ లసాన్యా ఆఖరి ముక్క నమిలి, మూతి తుడుచుకుని, "పొరకీ పొరకీ మధ్య చీజ్ కాదు, బంక పూసినట్టుంది" అంది.

వంటగదిలో ధబ్బుమని చప్పుడైంది. వెనకే గిన్నె ఏదో దొర్లింది.

"చెంప మీద పడుంటుంది" అన్నాడు ఎదురుగా కూర్చున్న లారీ బాబాయి, బ్రెడ్డు సాసులో ముంచుకుంటూ. "నీ మాటెప్పుడూ చెంప మీదేనమ్మా."

"ఉన్న మాటేగా అన్నాను?"

"లేని మాటైతే తగలదుగా మరి!"

ఆ వీధిలో మొదట్నించీ అంతే. తిన్నవాళ్ళు వంట గురించి ఏమంటే అది వండినవాళ్ళ ఒంటి మీద పడేది. ఉప్పు తగ్గిందంటే మొట్టికాయ. మాడిందంటే చర్మం కమిలేది. నిజంగా నచ్చి మెచ్చుకుంటే పడ్డ దెబ్బ మానేది. అబద్ధం మాత్రం ఇటు కొట్టేదీ కాదు, అటు మాన్పేదీ కాదు. ఇంకోటి, వంట గురించే అనాలి. మనిషిని ఎంత తిట్టినా గాలికి పోయేది. వంటవాళ్ళు ఉప్పు డబ్బా పక్కనే దూదీ, పట్టీలూ పెట్టుకునేవాళ్ళు.

మనవాళ్ళతో చిక్కేమిటంటే వీళ్ళకి మెచ్చుకోవడం రాదు. ప్లేటు నాకేసి కూడా "పర్లేదు" అంటారు. పర్లేదు అన్నందువల్ల కారే రక్తం ఆగుతుంది, అంతే. గాయం గాయంలాగే ఉంటుంది.

అందులోనూ టైలరమ్మ నోరంటే మూడు హోటళ్ళకీ హడల్. మూల మీది హోటల్లో పిజ్జాని "చెప్పు అట్ట" అన్నరోజు అక్కడి ముసలి వంటవాడి ముందు పళ్ళు రెండూ ఊడి పిండిలో పడ్డాయి. స్టేషన్ దగ్గర హోటలాయన ఆవిడ "వానపాములు" అన్న మాటకి రెండు పక్కటెముకలు విరగ్గొట్టుకుని, మంచం దిగాక గరిట పారేసి గొడుగుల షాపు పెట్టుకున్నాడు. టైలరమ్మకి అదో గర్వం. "కత్తెరా పదునుగా ఉండాలి, నోరూ పదునుగా ఉండాలి" అనేది.

ఈ మూడో హోటలు మనవాడిదే. ఏడేళ్ళు ఎవరి ఇటాలియన్ వంటింట్లోనో అంట్లు తోమి, ఆ ఏడేళ్ళకీ గుర్తుగా ఒక పొడుగాటి తెల్ల టోపీ కొనుక్కున్నాడు. అది పెట్టుకుని గుమ్మంలో నిలబడి వచ్చేవాళ్ళకి నవ్వుతూ దణ్ణాలు పెడతాడు. అందరూ షెఫ్‌గారంటారు. లోపల వండేది భార్య. టోపీ అతనిది, గరిట ఆవిడది. అదేమీ రహస్యం కాదు, దెబ్బలు ఎవరి ఒంటి మీద ఉన్నాయో చూస్తే తెలిసిపోయేది.

వండిన ఆ పిల్లే, అతని భార్యే, ప్లేట్లు తీయడానికొచ్చింది. ఎడమ చెంప బూరెలా పొంగింది.

"ఇంకేమైనా తెమ్మంటారా పిన్నీ?"

"బంక కానిదేదైనా ఉంటే తే."

ఆ పిల్ల తల విసురుగా పక్కకి తిరిగింది. బల్లలన్నీ నవ్వాయి.

మంగళవారం పొద్దున్న ఆ పిల్ల టైలరమ్మ కొట్టుకి వచ్చింది. ఏప్రాన్ చిరిగిందట, కొత్తది కుట్టాలట. టైలరమ్మ తలుపు దగ్గరకి వేసి, టేపు మెళ్ళో వేసుకుని, "చెయ్యి చాపు" అంది.

చేతి పొడుగునా మచ్చలు. టైలరమ్మ తను వేసిన కుట్టు తను పోల్చుకున్నట్టు ఒక్కోటీ పోల్చుకుంది. ముంజేతి మీది ఎర్ర చార, సాసుని పుల్లనీళ్ళు అన్నరోజుది. మోచేతి దగ్గర నల్లటిది, రబ్బరు అన్నప్పటిది. ఇన్ని తనవేనా అని కాస్త ఇబ్బందిగానే అనిపించింది. టేపు నడుము చుట్టూ తిప్పబోతే ఆ పిల్ల కెవ్వుమంది.

"ఏదీ, జాకెట్టు పైకి తియ్యి."

పక్కటెముకల మీద అరచేతి వెడల్పున కమిలిపోయి ఉంది. అంచులు ఊదా రంగు, నడిమధ్య నలుపు.

"ఇదెవరి మాటే? నేనైతే అనలేదు."

"ఎవరో గిరాకీ అన్నార్లెండి పిన్నీ."

ఎవరు ఏమన్నారో టైలరమ్మకి తెలియకుండా పోదు. పోన్లే, ఈ ఒక్కరోజు మాన్పుదాం అనుకుంది. చేతిలో గుడ్డ మీద గీతలు గీసే సుద్ద ఉంది. దాంతో ఆ మచ్చ చుట్టూ గీత గీసింది, ఎంత తగ్గుతుందో చూడ్డానికి. ఆ తర్వాత గొంతు సవరించుకుంది. పన్ను పీకించుకునేవాళ్ళ మొహంలా అయింది ఆవిడ మొహం.

"గురువారం వెల్లుల్లి బ్రెడ్డు పెట్టావే. అదీ... బాగుంది. చాలా బాగుంది. ఇంటికెళ్ళాక కూడా తల్చుకున్నాను."

చెంప వాపు తీసింది. ముంజేతి చార చెరిపేసినట్టు పోయింది. మోచేయి తెల్లబడింది. సుద్దగీత లోపలి నలుపు మాత్రం నూలుపోగంతైనా కదల్లేదు.

"నీ టమాటా సూపు కూడా బాగుంటుంది" అంది టైలరమ్మ గట్టిగా. నిజమే అంది. మచ్చ అలాగే ఉంది.

ఆవిడ సుద్ద కింద పెట్టింది. "ఇది మాట దెబ్బ కాదు."

ఆ పిల్ల కుట్టు మిషను చక్రం వైపు చూస్తూ, "బూటుది పిన్నీ" అంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పెళ్ళయిన రెండో నెల నుంచి. మీరంతా అన్న మాటల్లో ఇవీ కలిసిపోతాయి. గిరాకీలకి నచ్చలేదంటే చాలు, ఎవరూ మళ్ళీ అడగరు."

టైలరమ్మ ఆ పిల్ల జాకెట్టు మెల్లిగా కిందికి దించింది. గుడ్డ చిరిగిన చోట కనపడకుండా పైన అతుకు వేస్తారు. ఇన్నేళ్ళూ వాడి దెబ్బల మీద తన మాటలే అతుకులు.

"వదిలేసి పోరాదటే?"

"పాస్‌పోర్టు బీరువాలో ఉంది. తాళంచెవి ఆయన మెళ్ళో. వచ్చే సోమవారం ఇక్కడ మూసేసి ఎక్కడో దూరంగా ఇంకో ఊళ్ళో హోటలు పెడతారట. అక్కడ మనవాళ్ళు ఒక్కరూ లేరు. అక్కడ నిన్నడిగే దిక్కుండదన్నారు." బస్సు వేళలు చదివినట్టు చెప్పింది. "మొన్న మెడ మీద కాలు పెట్టారు. ఈసారి తియ్యరనే అనుకున్నాను."

టైలరమ్మ మిగతా కొలతలు తీసింది. "ఆదివారం తెస్తాను, వెళ్ళు" అంది. ఆ పిల్ల వీధి మలుపు తిరిగాక కొలతల కాగితం ముక్కలుగా చింపేసి, గుమ్మంలో దణ్ణాలు పెట్టే మనిషి నడుము కళ్ళకి తెచ్చుకుని, మందపాటి గుడ్డ మీద కత్తెర పెట్టింది.

సంగతి ఒక్క లారీ బాబాయికే చెప్పింది. "ఎవరికీ చెప్పకు" అని కూడా అంది. ఆయనకలా చెబితే బుధవారానికల్లా ఊరందరికీ తెలుస్తుందని ఆవిడకి తెలుసు.

ఆదివారం హోటల్లో కాలు పెట్టే సందు లేదు. నలభై మంది కూర్చున్నారు, గోడలకానుకుని ఇంకో ఇరవై మంది. టైలరమ్మ లేచి పొట్లం విప్పింది.

"షెఫ్‌గారూ, మమ్మల్ని వదిలి వెళ్ళిపోతున్నారు. ఇది మనవాళ్ళందరి తరఫునా మీకు కానుక. ఇన్నేళ్ళూ మీ టోపీ చూశాం, మీ చేతి వంట ఒక్కసారీ తినలేదు. ఇవాళ ఇది కట్టుకుని మీరే వండాలి."

"అబ్బే, నేనెందుకు, లోపల అది ఉందిగా..."

"ఏం, రాదా ఏంటి?" అన్నాడు గోడ దగ్గర్నించి క్రేనాయన.

అరవై మంది ముందు రాదంటాడా? ఏప్రాన్ నడుముకి అతికినట్టు సరిపోయింది. మురిసిపోతూ లోపలికి వెళ్ళాడు. టైలరమ్మ ఆ పిల్లని చెయ్యి పట్టి లాక్కొచ్చి తన పక్కన కూర్చోబెట్టింది. ఆ హోటల్లో ఆ పిల్ల కుర్చీ మీద కూర్చోవడం అదే మొదలు.

గంటకి స్పగెట్టీ వచ్చింది. అందరూ తలో నాలుగు పోగులూ తిన్నారు.

లారీ బాబాయి ఆగలేకపోయాడు. "ఒరేయ్ నీచుడా, ఆడదాన్ని తన్నే చవటా!"

ఏమీ కాలేదు. షెఫ్ ఉలిక్కిపడి భార్య వైపు చూశాడు, అంతే.

"వంట గురించి బాబాయ్" అంది టైలరమ్మ. "వంట గురించి."

"ఓహో. నీళ్ళల్లో ఉప్పు వెయ్యలేదురా నువ్వు."

ఫట్‌మంది. షెఫ్ ముక్కులోంచి రక్తం బొటబొటా కారి కొత్త ఏప్రాన్ మీద పడింది.

"వెల్లుల్లి మాడింది" అంది నర్సమ్మ, మందు చీటీ చదివినట్టు. అతని బుగ్గ సుయ్యిమని కమిలింది.

"ముద్దయిపోయింది" అన్నాడు క్రేనాయన. కడుపులో పడింది. అతను రెండుగా వంగిపోయాడు, టోపీ దొర్లిపోయింది. ఎవరో దాన్ని తొక్కారు. పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ పల్లెత్తు మాట అనని గుమాస్తాగారి తల్లి కూడా ఫోర్కు కింద పెట్టి, "చల్లారిపోయింది నాయనా" అంది. చెవి మీద పడిన దెబ్బకి అతను బల్లలకి కొట్టుకుంటూ వెళ్ళి గోడని గుద్దుకున్నాడు. ఆపైన ఎవరేమన్నారో విడిగా వినపడలేదు. పచ్చి, జిగట, చేదు, పులుపు. ఒక్కటీ అబద్ధం కాదు, అందుకే ఒక్కటీ గురి తప్పలేదు. పెదవి చీలింది, కన్ను మూసుకుపోయింది, ఒక పన్ను ఎగిరి ఎవరి గ్లాసులోనో పడింది.

అతను పాక్కుంటూ భార్య కాళ్ళ దగ్గరికి వచ్చాడు. "బాగుందని చెప్పవే! ఒక్క మాట. నువ్వు చెబితే మానిపోతుంది."

ఆ పిల్ల ప్లేటు ముందుకి లాక్కుంది. "అబద్ధమైతే మానదు కదండీ" అంది. "ఉండండి, తిని చూస్తాను."

నోట్లో పెట్టుకుని నమిలింది. నిదానంగా, వంట తెలిసినవాళ్ళు నమిలినట్టు. అతను బల్ల అంచు పట్టుకుని లేచాడు. చేతికి బ్రెడ్డు కోసే కత్తి తగిలింది. టైలరమ్మ అడ్డం లేచేలోపే కత్తి పైకెత్తాడు.

ఆ పిల్ల మింగింది.

"స్పగెట్టీ విరిచి వేశారు" అంది. "అలా విరవకూడదండీ."

గట్టి చప్పుడేం కాలేదు. ఎండు స్పగెట్టీ కట్టని రెండు చేతులా పట్టి విరిస్తే ఎలా ఉంటుందో అలా, పటపటమని, అతని కుడిచెయ్యి మణికట్టు నుంచి వేళ్ళ దాకా విరిగింది. కత్తి ప్లేటులో పడింది. అతను దాని పక్కనే కూలాడు. ఆ పిల్ల వంగి, అతని మెళ్ళోని తాడు తల మీదుగా తీసి, తాళంచెవి కొంగున ముడి వేసుకుంది.

ఆ చెయ్యి మళ్ళీ కూడుకోలేదు. దాన్ని మాన్పాలంటే ఆ వంటని ఎవరో ఒకరు నిజంగా మెచ్చుకోవాలి.

మూడు వారాల తర్వాత, టైలరమ్మ కొట్టు వెనక గదిలో నాలుగు బల్లలు వేశారు. పాస్‌పోర్టు ఇప్పుడు ఆ పిల్ల బట్టల పెట్టెలోనే ఉంది. పక్కటెముకల మీది మచ్చ ఎవరి మెప్పూ అక్కర్లేకుండా తన తీరికలో పసుపురంగుకి తిరిగింది. మొదటి ప్లేటు ఆ పిల్ల తెచ్చి టైలరమ్మ ముందు పెట్టి, అలవాటు కొద్దీ భుజాలు బిగబట్టి, కళ్ళు మూసుకుని నిలబడింది.

టైలరమ్మ ఒక ముద్ద తింది. ఉప్పు కాస్త ఎక్కువైంది.

గ్లాసెడు మంచినీళ్ళు తాగి, రెండో ముద్ద పెట్టుకుంది.