కలిపిన మందు

పశువుల డాక్టరుగా నాకు కోపం ఎక్కువని అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం నా మీదే నాకు కోపం వచ్చింది. 1929 వేసవిలో పెదబయలు దారిలోని ఒక కొండ ఊరికి ముసర రోగం టీకా వెయ్యడానికి వెళ్లాను. మైదానం అలవాటు కొద్దీ పొద్దున్నే ఐసులో ఉన్న మందంతా తీసి ఉప్పునీళ్లలో కలిపేశాను. అది బతికున్న క్రిమితో చేసిన మందు, కలిపాక ఎండకు గంటలో చచ్చిపోతుంది. ఇక్కడి పశువుల్లో కొన్ని తెల్లారకముందే కొండెక్కి మేస్తాయా అని ముందుగా అడగాలని నాకు తోచలేదు.

ఊళ్లో ఉన్న వాటికి వేశాక రెండు ఎద్దులకు సరిపడా మందు మిగిలింది. రావలసినవి ఆ ఊరి రైతు చిట్టెమ్మ ఎద్దులే. కిందటేడు ఈ రోగానికే ఆమె జత పోయింది. ఈ జత కూడా పోతే దున్నుకునే దారి లేదు. మొగుడు సోంబరు వాటిని తోలుకురావడానికి కొండెక్కాడు.

"గంట దాటితే పారబోసేస్తాను," అన్నాను.

"ఎందుకు బాబూ?"

"ఎండకి చస్తుంది. చచ్చిన మందు పొడిస్తే నువ్వు ధీమాగా ఉంటావు, ఎద్దులు పోతాయి."

"జీలుగు కల్లు కూడా ఎండకి పాడైపోద్ది. పారబోసుకుంతామేటి? గెడ్డలో పెడతాం. ఇటియ్యి బేగి."

పరీక్ష పాసైన నాకు కల్లు పాఠమా అని ఒళ్లు మండింది. అయినా సీసా ఇచ్చాను. చిట్టెమ్మ దానికి తడిగుడ్డ చుట్టి, ఊరి పక్కన పారే గెడ్డలో బండ నీడన మెడదాకా ముంచి పట్టుకుని కూర్చుంది.

సోంబరు వచ్చేసరికి మందు కలిపి రెండున్నర గంటలైంది. మందు బతికుందో లేదో నేను చెప్పలేనన్నాను. "పొడువు బాబూ," అంది. పొడిచాను.

మందు పట్టిన పశువుకు కాస్త జ్వరం రావాలి. మూడో రోజుకల్లా ఊరి పశువులన్నిటికీ వచ్చింది, చిట్టెమ్మ ఎద్దులకు తప్ప. "మావి గట్టివి బాబూ!" అని ఆమె మురిసిపోతుంటే నాకు ముద్ద దిగలేదు.

అయిదో రోజు పొద్దున్న బిక్కమొహంతో వచ్చింది. "మా ఎద్దులకీ జొరమొచ్చింది బాబూ."

పరిగెత్తాను. రెండింటికీ ఒళ్లు కాలిపోతోంది. పగలబడి నవ్వాను.

"ఎద్దులకి జొరమొత్తే నవ్వుతావేటి?"

"మందు బతికే ఉందే చిట్టెమ్మా! జ్వరం రాకపోతే చచ్చిందన్నమాట."

చిట్టెమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. "మరన్నాళ్లూ నాకు సెప్పలేదేం?"

"నీ మొహం చూసి చెప్పలేకపోయాను."

"నీల్లల్లో కూకున్నది నేను! నాకు సెప్పాలి గదా!" అంటూ ఊరంతా వినేలా తిట్టిపోసింది. అంత కమ్మటి తిట్లు నేను మళ్లీ తినలేదు.