అన్నయ్య కొన్న ఐరన్ క్రాస్

పళ్ళక్క అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఇరవై ఆరేళ్ళుగా కట్టుడు పళ్ళు చేయడమే ఆమె పని. పోత పోసిన లోహంలో ఆవగింజంత బుడగ ఉన్నా ఇట్టే పట్టేస్తుంది. అలాంటి కళ్ళు పెట్టుకుని కూడా సొంత అన్నయ్య పతకాలను ఒక్కసారైనా సరిగ్గా చూసిన పాపాన పోలేదు. ఆయన పాత జర్మన్ సైనిక పతకాలను ఆన్‌లైన్‌లో వెతికి వెతికి కొనేవాడు. "నీ భూతద్దం పెట్టి ఒక్కసారి చూడవే" అని ఎన్నిసార్లు బతిమాలాడో లెక్కలేదు. "నీ తుక్కు చూసే తీరిక నాకెక్కడిది అన్నయ్యా" అని నవ్వేసేది.

అన్నయ్య పోయి నాలుగు నెలలైంది. ఆ మధ్యాహ్నం వదిన పతకాల పెట్టె పట్టుకుని ఆమె పనిగదికి వచ్చింది.

"మీ అన్నయ్య నిలువునా మోసపోయారమ్మా" అంటూ కూలబడింది.

సంగతేమిటంటే, పతకాలు సేకరించేవాళ్ళ గ్రూపులో వదిన ఒక ఐరన్ క్రాస్, అంటే శిలువ ఆకారపు జర్మన్ పతకం, ఫొటో పెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి 1914 అంకె ఉన్నది, అన్నయ్య ప్రాణంలా చూసుకున్నది. ఆ గ్రూపులో ఒక పెద్దమనిషి ఉన్నాడు. అందరూ జనరల్ అంటారు గానీ, జన్మలో సైన్యం గడప తొక్కినవాడు కాదు. అయస్కాంతం పెట్టి చూడమన్నాడు. వదిన పెట్టింది. అంటుకోలేదు. "అసలైనదైతే మధ్యలో ఇనుము ఉంటుంది. ఇది నకిలీ" అని నలుగురిలో తేల్చేశాడు. ఆ వెంటనే చాటుగా ఇంకో సందేశం. పెట్టె మొత్తాన్ని పాతసామాను ధరకు తనే తీసుకుంటాడట, పాపం, ఆవిడకు శ్రమ తగ్గించడానికి!

"ఇచ్చేస్తానమ్మా. ఇది ఎదురుగా ఉంటే ఆయన మీద జాలేస్తోంది. ఆయనకేమీ తెలియదని అందరూ నవ్వింది నిజమే అన్నమాట."

ఆ అందరిలో తానూ ఉంది. పళ్ళక్క చేతిలో పని పక్కన పెట్టింది.

"అయస్కాంతం ఎలా పెట్టావు వదినా?"

ఫ్రిజ్‌కు అంటించే బొమ్మను సంచిలోంచి తీసి, పతకమున్న ప్లాస్టిక్ డబ్బా మూత మీద పెట్టి చూపించింది వదిన.

"డబ్బా తెరవలేదా?"

"అమ్మో! చెమట చేత్తో ముట్టుకుంటే పాడైపోతుందని ఇన్నేళ్ళలో ఎప్పుడైనా నన్ను వేలు పెట్టనిచ్చారా మీ అన్నయ్య?"

పళ్ళక్కకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మనిషి పోయినా ఆయన మాట మాత్రం జవదాటలేదు ఈ మహాతల్లి! చేతి తొడుగులు వేసుకుని డబ్బా తెరిచింది. గట్టి అయస్కాంతానికి గుడ్డ చుట్టి దగ్గరకు తెచ్చిందో లేదో, పతకం టక్కున లేచి అతుక్కుంది.

వదిన నోరు తెరిచేసింది.

"ఆగు వదినా. ఇనుము నకిలీవాడికీ దొరుకుతుంది."

ఈసారి మైక్రోస్కోపు కింద పెట్టింది. నకిలీవి ఒక్క ముక్కగా పోత పోస్తారు; అలాగైతే బుడగలుండాలి, లేవు. ఇనుప రేకు చుట్టూ రెండు వెండి చట్రాలను కలిపి టంకం వేసిన గీత అంచు పొడవునా కనిపించింది. అంకెలు పదునుగా ఉన్నాయి. నల్లరంగు లేచిన చోట పాత తుప్పు.

"అసలుదే వదినా! నూటికి నూరుపాళ్ళూ!"

ఇక ధర. అమ్మేవాళ్ళు నోటికొచ్చినట్టు అడిగేవన్నీ పక్కన పెట్టి, ఇదే మాదిరివి, ఇంతే రంగు మిగిలినవి నిజంగా ఎంతకు అమ్ముడుపోయాయో చూసింది. జనరల్ పెట్టె మొత్తానికి ఇస్తానన్నదానికి ఈ ఒక్కటే మూడు రెట్లు పలుకుతుంది.

మళ్ళీ అయస్కాంతం పెట్టి తీసిన వీడియో, మైక్రోస్కోపు ఫొటోలు, ధర అన్నీ వదిన ఫోనులోంచే గ్రూపులో పెట్టింది. కింద ఇలా రాసింది: "కొన్నది మా అన్నయ్య. ఆయనకేమీ తెలియదని నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. తప్పు నాది."

అరగంటలో గ్రూపు హోరెత్తిపోయింది. జనరల్ గారి తీర్పు మాయమైంది. "కొత్త ఫొటోల్లో తేడా తెలుస్తోంది" అని నసిగి, చాటుగా మళ్ళీ దిగాడు. ఈసారి మూడు రెట్లకూ సిద్ధమేనట.

"ఏం చెప్పమంటావు?" అంది పళ్ళక్క.

వదిన తన ఫోను లాక్కుంది. చాటుగా కాదు, గ్రూపులోనే, అందరూ చూసేలా, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది:

"అమ్మడం లేదు. ఇది మా ఆయన చూసి కొన్నది. ఆయనకు చూడటం వచ్చు."