అత్త మోచేతి ఎత్తు

నేను ఇంటీరియర్ డిజైన్ చదువుతానన్న రోజు, "ఇల్లు సర్దడానికి కూడా ఓ చదువా?" అని నాన్న నవ్వాడు. ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వనిది మా మేనత్త ఒక్కతే. "నా వంటగది నువ్వే చెయ్యాలే," అంది. అప్పటికి ఆవిడకి సొంతిల్లే లేదు.

ఇన్నాళ్లకి కొనుక్కుంది. నేను కొత్తగా చేరిన స్టూడియోకే ఆ పని తెచ్చాను. మా సారు వంటగది నాకు అప్పగించి, బాగా వస్తే పత్రికలో ఫొటో, కింద నా పేరు వేయిస్తానన్నాడు. గాల్లో తేలిపోయాను.

మా అత్త పొట్టి, నా భుజం దాటదు. అద్దె ఇళ్లలో ఎవరి ఎత్తుకో కట్టిన గట్ల దగ్గర మునివేళ్ల మీద నిలబడి వండీ వండీ భుజాలు పాడుచేసుకుంది. అందుకే ఆవిడ చేతికి కత్తిచ్చి నిలబెట్టి, మోచేతి దగ్గర టేపు పట్టి గట్టు ఎత్తు గీశాను. నా చదువంతా ఆ ఒక్క గీతలో పెట్టాను.

నిన్న పని పూర్తయిందంటే చూడ్డానికి వెళ్లాను. అత్త పీటెక్కి ఉల్లిపాయలు కోస్తోంది! గట్టు నా గీత కంటే నాలుగంగుళాలు పైనుంది. ఒళ్లు మండిపోయింది.

"పర్లేదులేవే, సర్దుకుంటాను," అంది.

ఆ మాటకి నాకు ఆవిడ మీదే ముందు కోపమొచ్చింది. ఊహ తెలిసినప్పట్నుంచీ ఆవిడ నోట ఇదే మాట. సారుకి ఫోన్ చేశాను.

"అందరికీ పెట్టే ఎత్తే పెట్టించాను. కిందికుంటే ఫొటోలో బాగోదు. మీ అత్తేగా, సర్దుకుంటుంది. రేపు పొద్దున్న ఫొటోగ్రాఫర్‌ని తీసుకొస్తున్నా. ఆ పీట కనబడకుండా దాచెయ్."

పీట దాచెయ్యాలట! తాపీమేస్త్రిని తెల్లారగానే రమ్మన్నాను.

"పిచ్చా నీకు? ఉద్యోగం ఊడుతుందే," అంది అత్త.

"ఊడనీ. ఇల్లు నీది, నువ్వు చెప్పు. రోజూ ఈ పీటెక్కాలని ఉందా, లేదా?"

అత్త కిందికి దిగి, పీటని కాలితో అవతలికి తోసింది.

పొద్దున్న సారు వచ్చేసరికి గట్టు మీది నల్లబండ ఊడదీసి గోడకి ఆనించి ఉంది, గదంతా దుమ్ము. ఫొటోగ్రాఫర్ ముక్కు మూసుకున్నాడు.

"నీ పేరు పత్రికలో ఎలా వస్తుందో చూస్తా!" అని సారు చిందులు తొక్కాడు.

"పేరు మీరే వేసుకోండి సార్. టేపు ఎవరి ఒంటికి పట్టాలో కూడా నేర్చుకోండి."

"రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు!"

"ఇవాళ మాత్రం ఎవరొచ్చారు?"

వాళ్లు వెళ్లిపోయినా నా కోపం చల్లారలేదు. మేస్త్రి నా గీత ఎత్తుకే బండ మళ్లీ బిగించాక అత్త గట్టు ముందు నిలబడి, ఉత్త చేత్తోనే కోస్తున్నట్టు ఆడించి చూసుకుంది. భుజాలు లేవలేదు. ఆ తర్వాత తలెత్తి పైకి చూసింది.

"ఆ పై అర నాకు అందట్లేదు. ఎవరు పెట్టమన్నారే అక్కడ?" అని గట్టిగా కేకేసింది. అత్త గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు.

పెట్టమన్నది నేనే. టేపు తీశాను.

"చెయ్యి పైకెత్తు అత్తా," అన్నాను.