నా చేతుల మీది ఇంగ్లిష్

నేను ఒక ప్లాస్టిక్ కుర్చీని. చేతులున్న కుర్చీని. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, చేతులు లేకపోయి ఉంటే నాకు ఇంత ఇంగ్లిష్ వచ్చేది కాదు, ఇంత బాధా ఉండేది కాదు. పుట్టినప్పుడు నాది ముదురు ఎరుపు. ఇప్పుడు ఎండకు వెలిసిపోయి, నీది ఏ రంగని ఎవరైనా అడిగితే జవాబు చెప్పలేను.

నన్ను హైదరాబాద్ శివార్లలో ఒక రేకుల షెడ్డులో చేశారు. పాత బకెట్లు, విరిగిన మగ్గులు కరిగించి గింజలు చేసి, ఆ గింజల్ని మళ్లీ కరిగించి అచ్చులో పోశారు. అంటే పుట్టకముందే ఒకసారి పనికిరాకుండా పోయినదాన్ని. ఆ తర్వాత ఒక టెంట్ హౌస్‌వాళ్లు నన్నూ నా తోడబుట్టినవాళ్లనూ కొనుక్కెళ్లి, వీపుల మీద తెల్లరంగుతో వాళ్ల పేరు రాశారు. పెళ్లిళ్లకు వెళ్లాను, దినాలకు వెళ్లాను, రాజకీయ సభలకూ వెళ్లాను. మనిషి ఏ పని మీద వచ్చినా, కూర్చోగానే పక్కవాణ్ణి అడిగేది భోజనాలు ఎప్పుడు పెడతారని. ఆ రోజుల్లో మనుషులంటే నాకు మంచి అభిప్రాయమే ఉండేది.

వెనక కాలికి నెర్రె పడ్డాక నన్ను అమ్మేశారు. కొన్నవాడు శ్రావణ్ అని, బ్యాంకు పరీక్షలకు చదువుకునే కుర్రాడు. నగరంలో ఒక గ్రంథాలయం ఉంది. లోపల చోటు తక్కువ, చదివేవాళ్లు ఎక్కువ. అందుకని ఎవరి కుర్చీ వాళ్లే తెచ్చుకుని ఆవరణలో బాదం చెట్ల కింద వేసుకుంటారు. సాయంత్రం వెళ్లేటప్పుడు గొలుసుతో కిటికీ ఊచలకు కట్టి తాళం వేస్తారు. కుర్చీ కోసం ఇంత తాపత్రయపడేది నాయకులే అనుకునేదాన్ని అంతకుముందు.

అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తెలుగు మీడియం పిల్లలు. లెక్కల్లో వాళ్లను కొట్టేవాడు లేడు. ఇంగ్లిష్ దగ్గరే బోల్తా పడతారు. అందుకని తెల్లారింది మొదలు ఇంగ్లిష్ మాటలే. ఒకరు మాట చదువుతారు, ఇంకొకరు అర్థం చెప్పాలి, చెప్పలేకపోతే ఛాయ్ ఇప్పించాలి. ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కని మాట ఉంటుంది చూడండి, దాన్ని పెన్నుతో కుర్చీ చెయ్యి మీద రాసుకుంటారు. చెయ్యి ఆనించినప్పుడల్లా కనపడాలని. ఎక్కిన రోజు తడిగుడ్డతో తుడిచేస్తారు. అలా నా చేతుల మీదికి ఎన్ని మాటలు వచ్చి పోయాయో. ఒక్క దిగులుకే ఆ భాషలో ఎన్ని పేర్లో! మెలాంకలీ, డెస్పాండెంట్, ఫోర్‌లార్న్. ఇవన్నీ వరసగా అప్పజెప్పే కుర్రాళ్లు ఇంటి నుంచి ఫోన్ వస్తే మాత్రం "బాగనే ఉన్న" అని పెట్టేసేవాళ్లు.

శ్రావణ్‌కు మొదటి ఏడే ఉద్యోగం వచ్చింది. వెళ్తూ వెళ్తూ తన గదిలో ఉండే ఓదెలుకు నన్ను అప్పగించాడు. "లక్కీ కుర్చీ ఇది. ఎవ్వలకియ్యకు" అన్నాడు. శ్రావణ్ వాళ్ల నాన్న టీచరు, చిన్నప్పటి నుంచీ కొడుకును ఇంగ్లిష్ మీడియంలో చదివించాడు. ఆ సంగతి నాతో పాటు ఓదెలుకూ తెలుసు. అయినా నమ్మాడు.

ఓదెలుది పెద్దపల్లి వైపు ఒక ఊరు. తండ్రి లేడు. తల్లి బీడీలు చుట్టి చదివించింది. ఆమెను అతను అవ్వా అని పిలుస్తాడు, వాళ్ల వైపు అమ్మను అలాగే అంటారు. అతని ఫోను చెవి దగ్గర పెడితే వినపడదు, స్పీకర్ పెట్టి నా చెయ్యి మీద ఉంచాల్సిందే. అందుకని వాళ్ల మాటలన్నీ నేను విన్నాను. ఆమె గొంతు వెనక ఎప్పుడూ కత్తెర చప్పుడు ఉండేది, తునికాకు కత్తిరిస్తూనే మాట్లాడేది.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"సదువుతున్న అవ్వా."

"ఎందాకచ్చింది?"

"అయిపోవట్టింది."

అలా అయిపోవస్తూనే ఏళ్లు గడిచాయి. నా కుడి చెయ్యి మీద ఒక మాట మాత్రం రాసింది రాసినట్టే ఉండిపోయింది. ఇన్‌డిఫాటిగబుల్. అలుపెరగని అని అర్థం. రాత్రి గుర్తుంటుంది, పొద్దునకు పోతుంది. చెరిగినప్పుడల్లా మళ్లీ దిద్దేవాడు. పక్క కుర్చీ నజ్మాది. జగిత్యాల పిల్ల, నోటి దురుసు ఎక్కువ, మనసు మంచిది. ఆమెకు ఇంగ్లిష్ మాటలన్నీ ఓదెలే నేర్పాడు. "ఈ ఒక్క మాట మీద నాకు రోజూ ఛాయ్ అస్తున్నది. నువ్వు నేర్వకు అన్నా" అని ఏడిపించేది.

వయసు ప్రకారం అతనికి చివరి అవకాశం వచ్చిన ఏడు రాతపరీక్ష గట్టెక్కాడు. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఆ వారమంతా నజ్మా నిటారుగా కూర్చుని, ఆఫీసర్‌లా గొంతు మార్చి, ఇంగ్లిష్‌లో ప్రశ్నలు అడిగింది. ఓదెలు రెండు వాక్యాలు చెప్పి మూడోదాని దగ్గర ఆగిపోయేవాడు. ఒక్కొక్క మాటా కష్టపడి నేర్చుకున్నాడు గానీ, ఆ మాటలతో ఏనాడూ ఎవరితోనూ మాట్లాడింది లేదు. నాకు భయం వేసింది. అయినా నేనేం చేయగలను, కూర్చుంటే మోయడం తప్ప.

ఇంటర్వ్యూ అయ్యాక నేరుగా గ్రంథాలయానికే వచ్చి నా మీద కూలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది.

"ఏమడిగిండ్రు అన్నా?" అంది నజ్మా.

"మీ అమ్మ ఏం జేస్తదని అడిగిండ్రు."

"చెప్పినవా?"

"బీడీలు చుడ్తదని చెప్దామంటే, చుట్టుడును ఏమంటరో నోటికి రాలె. గప్పుడే ఇది యాదికచ్చింది" అని నా కుడి చెయ్యి తట్టాడు. "మై మదర్ ఈజ్ ఇన్‌డిఫాటిగబుల్ అన్న. మంచిగనే అన్న, ఎక్కడ తప్పు పోలె."

"మరింకేంది?"

"దేంట్ల అని అడిగిండ్రు. ఇగ నేనేం మాట్లాడలె."

ఏ మాటకైనా నవ్వే పిల్ల ఆ రోజు నవ్వలేదు. "ఏదైతేంది, మాటైతే ఎక్కింది గద అన్నా" అంది. ఓదెలు లేచి కుళాయి దగ్గర జేబురుమాలు తడుపుకుని వచ్చి నా కుడి చెయ్యి తుడిచాడు. ఏళ్ల తరబడి దిద్దిన సిరా కదా, అక్షరాలు పోయినా మచ్చ పోలేదు.

ఉద్యోగం రాలేదు. వయసు దాటిపోయింది.

ఆ తర్వాత నజ్మా పరీక్ష వచ్చింది. ముందురోజు "ఒక్క దినం నీ కుర్చీల కూసుంట అన్నా" అని అడిగి కూర్చుంది. ఆమె గెలిచింది. మిఠాయి డబ్బా పట్టుకుని చెప్పడానికి వచ్చి, "నువ్వు నేర్పిందే అన్నా అంత" అని ఏడ్చేసింది. ఓదెలు సంతోషపడ్డాడు. నిజంగానే పడ్డాడు, అబద్ధపు సంతోషమైతే ఒళ్లో కూర్చోబెట్టుకున్న నాకు తెలియదా? ఆమె వెళ్లిపోయాక ఆమె కుర్చీని ఇంకెవరో పట్టుకుపోయారు. నా పేరు మాత్రం ఇంకా పెరిగింది. కొత్తగా వచ్చినవాళ్లు దూరం నుంచి నన్ను వేలెత్తి చూపిస్తున్నారు.

ఓదెలు ఊరికి పోలేదు. రాయడానికి పరీక్ష లేకపోయినా పొద్దున్నే వచ్చి, తాళం తీసి, నన్ను నీడలో వేసుకుని, మాటల పుస్తకం తెరిచేవాడు. కొత్త మాటలు నా ఎడమ చెయ్యి మీదికి వస్తూనే ఉన్నాయి. పోతే ఏమంటారో అనే భయం సగం, ఇక్కడ తప్ప ఇంకెక్కడ కూర్చోవాలో తెలియకపోవడం సగం. ఇంటికి చెప్పాల్సింది ఒక్క ముక్క. అది పుస్తకంలో వెతకాల్సినది కాదు, చిన్నప్పటి నుంచీ వచ్చిన భాషలోదే. అది నోటికి రావడానికి ఒక వానాకాలం, ఒక చలికాలం పట్టాయి.

మొన్న మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఎందాకచ్చింది బిడ్డా అని ఆమె మామూలుగానే అడిగింది.

"అవ్వా, నాకు వయసైపోయింది. ఇగ రాయనియ్యరు" అన్నాడు.

అవతల కత్తెర ఆగింది. అది ఆగగా నేను వినడం అదే మొదటిసారి.

"ఎవలు రాయనియ్యరు?"

"గవర్నమెంటోళ్లు."

"అడిగి చూడు బిడ్డా. ఇన్నొద్దులు సదివినవు, ఇంకొక్కసారి రాయి. నా చేతులు మంచిగనే ఉన్నయ్. నేను జేస్తనే ఉన్న గద."

కత్తెర మళ్లీ మొదలైంది. దేంట్ల అని ఆ గదిలో పెద్దమనుషులు అడిగినదానికి జవాబు నా చెయ్యి మీద పెట్టిన ఫోనులోంచి చాలాసేపు వినపడుతూనే ఉంది. వాళ్లు ఇప్పుడు మళ్లీ అడగరు. ఇంటర్వ్యూలో కొడుకు తనను ఏమన్నాడో ఆమెకు తెలియదు, తెలిసినా ఆ మాట అర్థం కాదు.

"సరే అవ్వా" అన్నాడు ఓదెలు.

నా కాలి నెర్రె ఈ మధ్య పైదాకా పాకింది. ఏదో ఒక రోజు విరిగి కింద పడేస్తానని, అప్పుడైనా దుమ్ము దులుపుకుని లేచి బస్సెక్కుతాడని నాకొక ఆశ ఉండేది. నాకున్నది అదొక్కటే. నిన్న పొద్దున ఓదెలు ఎక్కడి నుంచో బైండింగ్ వైరు తెచ్చాడు. నన్ను తలకిందులు చేసి, ఆ కాలికి చుట్లు చుట్టి, పట్టకారుతో బిగించి, ఊపి చూసుకున్నాడు. తర్వాత నన్ను నీడలోకి లాక్కుని కూర్చుని పుస్తకం తెరిచాడు.