కోత అయ్యేదాకా

మధ్యాహ్నపు ఎండకి మిరపకాయల కల్లంలో ఘాటు లేచింది. పాక నీడలో శ్రీదివ్య నోటుబుక్కు తెరుచుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి కాయ కోసిన చేతులు ఎంత కడిగినా మంట పోక, పెన్నుని వేలికొసలతో పట్టుకుంది. టీచరు ఉద్యోగం పరీక్ష నెల రోజుల్లో ఉంది. కోత దాని కోసం ఆగదు.

"అడ్జస్ట్. అడాప్ట్, ఆల్టర్, అకామడేట్," పైకే వల్లెవేసింది. "మావయ్యా, అన్నీ ఇంచుమించు ఒకటేనంట. రోజూ వాడే వాక్యాలు రాయాలి. మీరు చెప్పండి."

కాళ్ళతో కాయలు తిరగేస్తున్న ఆమె మామ బుల్లయ్య ఆగాడు. ఊరి బడిలో అయిదు దాకా చదివాడు. ఇంగ్లీషు రాదు గానీ ఆ మొదటి మాట వచ్చు. అది రానివాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు.

"రాసుకో. ముగ్గురి సీట్లో నలుగురు ఇరుక్కుని కూర్చుంటే, అయిదోవాడొచ్చి అడ్జస్టవ్వండి అంటాడు. పెళ్ళిలో కూర అయిపోతే, చారుతో అడ్జస్టవ్వండి బావగారూ అంటారు. కరెంటోళ్ళూ అదే అంటారు. అన్నోడు మాత్రం అంగుళం జరగడు. ఎదుటోడే జరగాల. అదీ రాసుకో."

"అది బుక్కులో లేదు మావయ్యా," అని నవ్వింది. నవ్వు సగంలో తెగింది. పొత్తికడుపు కుడిపక్కన అరచెయ్యి అదుముకుంది.

"ఏందమ్మాయ్?"

"ఏం లేదు, మిరప వేడి. తెల్లారి రెండు వాంతులయ్యాయి. మజ్జిగ తాగాలే."

కోత రోజుల్లో ఈ ఊళ్ళో ఏ ఆడదాని కడుపు నొచ్చినా మిరప వేడే. దానికి మందు మజ్జిగే. తగ్గకపోతే ఇంకో గ్లాసు.

ఆరేళ్ళ కిందట అతని భార్య వెంకటరావమ్మ కూడా ఈ కల్లంలోనే, అదే పక్కన, అలాగే చెయ్యి అదుముకుంది. "ఏమయ్యా, నొప్పి పక్కకి దిగిందయ్యా," అంది. మజ్జిగ తాగమన్నాడు బుల్లయ్య. "ఈ కోత అయ్యేదాకా అడ్జస్టవ్వే," అని కూడా అన్నాడు, తలెత్తకుండా. సర్దుకోమంటే కసిరినట్టుంటుంది. ఇంగ్లీషులో అంటే మర్యాదగా ఉంటుంది. మొగుడికి ఎదురుచెప్పడం ఆమె ఎరగదు. నాలుగో రోజున గుంటూరు తీసుకెళ్తే, లోపల పగిలి చీము పాకిపోయిందన్నారు. ఇన్నాళ్ళు ఏం చేశారని డాక్టరు అడిగాడు. కాయలు ఎండబెట్టామని చెప్పలేకపోయాడు బుల్లయ్య. ఆమె మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ ఏడు ఒక్క కాయ కూడా తడవలేదు.

చేలోంచి కొడుకు బాలు పరుగులాంటి నడకతో వచ్చాడు.

"నాన్నా, పడమర మబ్బేసింది. కాయ పోగేసి పట్టలు కప్పాల. దివ్యా, లే."

"కడుపులో బాగా నొప్పిగా ఉందండీ."

"ఈ ఒక్క పూట అడ్జస్టవ్వు. కోత కాగానే గుంటూరులో చూపిద్దాం."

"సరే," అని ఆమె పాక గుంజ పట్టుకుని లేవబోయింది.

"కూర్చో అమ్మాయ్," అన్నాడు బుల్లయ్య. "ఒరేయ్, మాబుకి ఫోన్ చెయ్. ఆటో తెమ్మను."

"ఇప్పుడా? కాయంతా తడిసి తెల్లబడిపోద్ది!"

"పోనీ."

"మిరప వేడికి ఆటో ఏంది నాన్నా? ఊరు నవ్వుద్ది."

"మీ అమ్మదీ మిరప వేడేరా."

బాలు మొహం ముడుచుకుంది. "అమ్మకి మజ్జిగ తాగమంది ఎవరో?"

"నేనే. అందుకే చెప్తున్నా. ఫోన్ చెయ్."

ఆటో హైవే ఎక్కేసరికి చినుకు మొదలైంది. వెనక్కి తిరిగి చూడలేదు బుల్లయ్య. దారి పొడుగునా శ్రీదివ్య అతని కండువా కొస గుప్పెట్లో బిగించి పట్టుకుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కడుపు నొక్కి చూసి, స్కానింగు చేయించింది. "అపెండిసైటిస్. ఇరవైనాలుగు గంటల నొప్పంటారే, అదే. ఇంకా పగల్లేదు. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి," అంది. బుల్లయ్య సంతకం పెట్టాడు. శ్రీదివ్యని లోపలికి తీసుకుపోయారు. ఆమె వెంట తెచ్చుకున్న నోటుబుక్కు అతని చేతిలో మిగిలింది.

కల్లం నుంచి బాలు ఫోన్ చేశాడు. "సగం కాయ తడిసింది నాన్నా." ఆ తర్వాత, "దివ్యకెలా ఉంది?"

ముందు కాయ, తర్వాత పెళ్ళాం. తన పోలికే. "ఆపరేషన్ చేస్తున్నారు. రా," అని పెట్టేశాడు.

వరండాలో బుల్లయ్య కూర్చున్న బల్ల నిండా జనం. ఇస్త్రీ చొక్కా ఆసామి ఒకడు వచ్చి నిలబడ్డాడు. "పెద్దాయనా, కాస్త అడ్జస్టవ్వండి."

బుల్లయ్య లేచాడు. కాళ్ళు లాగుతున్నాయి.

"మొత్తం నువ్వే కూర్చో," అన్నాడు. "ఆ మాట మాత్రం అనబాకు."

నోటుబుక్కు చంకలో పెట్టుకుని, ఆపరేషన్ గది తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు.