కాలి కింద కడ్డీ

తను కొత్తగా తెరవబోతున్న ఫిజియోథెరపీ క్లినిక్కుకి బల్లలు కొనడానికి వదినని, ఆవిడ నాలుగేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని దుకాణంలో అడుగుపెట్టినప్పటి నుంచీ ఆమెకు గుండె పీచుపీచుమంటూనే ఉంది. పన్నెండేళ్లు వేరేవాళ్ల దగ్గర పనిచేసింది. అక్కడ ఏదైనా జరిగితే మాట పడటానికి పైన ఒకరుండేవారు. ఇక మీదట ఎవరికేమైనా పూచీ తనదే.

"నీ భయం చూస్తుంటే నాకు లేని నడుంనొప్పి వచ్చేట్టుందే తల్లీ! ఏదీ, నా మీదే మొదలుపెట్టు," అంటూ వదిన ఓ కరెంటు బల్ల మీద బోర్లా పడుకుంది.

"కింద చుట్టూ ఉన్న ఈ కడ్డీని కాలితో నొక్కితే బల్ల దిగుతుందండీ, పైకి లేపితే లేస్తుంది," అన్నాడు దుకాణదారు. "మోకాళ్ల నొప్పులవాళ్లు ఇట్టే ఎక్కి కూర్చోవచ్చు."

ఆమె వదిన నడుం మీద బొటనవేళ్లు ఆనించింది. చేతులు పనిలో పడగానే ప్రాణం కాస్త కుదుటపడింది. ఇన్నేళ్లూ చెక్కబల్లల దగ్గర నిలబడి నిలబడి ఆమెకు ఓ అలవాటు ముదిరింది. నొక్కేటప్పుడు తన నడుం లాగకుండా ఒక కాలు బల్ల కింది అడ్డకర్ర మీద పెట్టుకుంటుంది. ఇప్పుడూ పెట్టింది. అది అడ్డకర్ర కాదని కాలికేం తెలుసు?

మోటారుకి చప్పుడే లేదు. వదిన నడుం అందకుండా కిందికి పోతోంటే ఆమె ఇంకాస్త వంగి, ఇంకాస్త బరువు మోపింది.

"అత్తా! బల్ల నా మీదికొచ్చేస్తోంది!"

దాగుడుమూతలంటూ పిల్ల బల్ల కింద ఎప్పుడు దూరిందో ఏమో! ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. కాలు తీయాలని తెలుసు. తెలిసీ ఏం లాభం, కాలు కొయ్యబారిపోయింది. దుకాణదారు ఆమెను ఒక్క తోపు తోసి, కడ్డీ పైకి లేపి, పిల్లను బయటికి లాగాడు. గౌను ఇనపచట్రానికి చిక్కి పర్రున చిరిగింది. పిల్ల ఒంటి మీద గీత కూడా పడలేదు. వదిన ఒక్క ఉదుటున బల్ల దిగి పిల్లను చంకనేసుకుంది.

"ఏం కాలేదమ్మా, ఏం కాలేదు," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "చేత్తో మీట నొక్కే రకం కూడా ఉందండీ. దానికుండే తాళంచెవి తీసేస్తే ఇక కదలదు."

"అదే ఇవ్వండి," అందామె.

పిల్లను ఎత్తుకుందామని చేతులు చాచింది. పుట్టినప్పటి నుంచీ అత్త చంక దిగని పిల్ల, ఏడుస్తూనే ఆమె వైపు వంగింది. వదిన బిడ్డను గట్టిగా అదుముకుని రెండడుగులు వెనక్కి వేసింది.