సోమన్న కోసం ప్రార్థన

రాజకుమారి ఒక చేత్తో సాంబారు కలుపుతూ, రెండో చేత్తో పుస్తకం పట్టుకుంది. భీమడోలులో ఆడపిల్లల హాస్టల్ వంటమనిషి. పొట్టిగా ఉంటుంది. మోచేతుల దాకా నూనె చిందిన మచ్చలు, చెంప మీద ఎప్పుడూ చెయ్యి తుడుచుకున్న పసుపు. పిల్లలు వదిలేసి వెళ్లిన మాయాద్వీపాల నవలలు ఆరూ ఈ పొయ్యి దగ్గరే చదివింది. ఆఖరిదైన ఏడోది నిన్ననే ఏలూరు నుంచి తెప్పించుకుంది.

కథలో రాకుమారుడికి కిరీటం దక్కుతుందో లేదో ఆమెకు పట్టలేదు. బెంగంతా పడవ సోమన్న మీదే. అన్ని పుస్తకాల్లోనూ అందరినీ ఏరు దాటించి, ఎవరిచేతా ఓ మంచి మాట అనిపించుకోని ముసలాడు. ఇప్పుడు బాణం తగిలి పడవలో పడి ఉన్నాడు.

మధ్యాహ్నం చర్చిలో స్త్రీల ప్రార్థన. మనవులేమైనా ఉన్నాయా అని ప్రార్థన నడిపే పెర్సిస్ టీచరు అడగ్గానే రాజకుమారి నోరు ఆగలేదు.

“సోమన్నని పడవ మనిషండీ. చావుబతుకుల్లో ఉన్నాడండీ.”

“మీకేమవుతారమ్మా?”

“ఏమీ కాడండీ. చాన్నాళ్లుగా తెలుసండీ.”

కొల్లేటి మనిషెవరో అనుకుని ఆడవాళ్లంతా మోకరించి కన్నీళ్లతో ప్రార్థించారు. చెప్పిన దాంట్లో అబద్ధమేముందని రాజకుమారి కూడా గట్టిగా ఆమెన్ అంది.

సాయంత్రం ఉప్మా కలుపుతూ ఆ పేజీకి వచ్చింది. పట్టాభిషేకానికి ఓ అధ్యాయమంతా పోసిన రచయిత, సోమన్నకు సగం వాక్యం విదిల్చాడు: సోమన్న కన్నుమూశాడు, సైన్యం ముందుకు కదిలింది.

“వీడి చేతులు పడిపోనూ!” అని రచయితను తిట్టి, “సోమన్న పోయాడే!” అని బావురుమంది. ఉప్మా మాడింది. ఏడుపు విన్న పిల్లలు చర్చి దాకా వార్త మోసేశారు.

చీకటి పడకముందే పెర్సిస్ టీచరు చేపల పులుసు క్యారియర్‌తో వచ్చింది. దుఃఖంలో ఉన్న మనిషి పొయ్యి దగ్గర నిలబడకూడదని ఆవిడ పట్టుదల.

“శవాన్ని ఎప్పుడు తీస్తారమ్మా?”

రాజకుమారి ఆ పేజీ తెరిచి పుస్తకం అందించింది. చదువుతున్న టీచరు మొహం ఎర్రబడింది.

“మోకాళ్లు నొప్పెట్టేలా ప్రార్థించామే! ఇతని కోసమా?”

“తప్పేనండీ. కానీ ఆ పుస్తకంలో అతని కోసం ఒక్కరూ ఏడవలేదండీ.”

టీచరు ఆ సగం వాక్యం మళ్లీ చదివింది.

“ఇంతేనా రాశాడు?”

“ఇంతేనండీ.”

“మొదటి పుస్తకం ఉందా?” అని ఆవిడ అడిగింది. రాజకుమారి పప్పు డబ్బా వెనక నుంచి తీసిచ్చిన పుస్తకం అందుకుని, చెంగు కింద దాచుకుని వెళ్లిపోయింది. ఆఖరి పుస్తకం మీద ఆవిడ పెట్టి వెళ్లిన పులుసు క్యారియర్ ఇంకా వేడిగానే ఉంది.